సంబంధం వెతకడం నుంచి తాంబూలాల దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిళ్లు కుదర్చడం నా వృత్తి కాదు. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి విజయవాడ పటమటలో స్థిరపడినందువల్ల రెండు ఊళ్లలోని బంధువులూ, వారి బంధువులూ "కాస్త ఆ అబ్బాయి సంగతి కనుక్కోండి" అంటూ పదిహేనేళ్లుగా ఫోన్లు చేస్తున్నారు. అడిగేవారు మారుతున్నారు గాని సందేహాలు మారడం లేదు కాబట్టి జవాబులను ఒకచోట రాసిపెడుతున్నాను. కాగితం చూస్తే తేలిపోయే సంగతిని జ్యోతిష్కుడిని అడగడం, ఎదుటి మనిషినే అడగవలసిన సంగతిని ఊళ్లో వాకబు చేయించడం మనవారికి అలవాటు. ఈ జవాబులు చాలావరకు ఆ తికమకను విడదీయడానికే. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గర వారు తెరిచి చదువుకోవచ్చు.

## వెతకడం మొదలుపెట్టేటప్పుడు

ఇంట్లో సంబంధాలు చూస్తామంటున్నారు. నేను సిద్ధంగా ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు. ఏం చెప్పాలి?

"ఇప్పుడే వద్దు" అంటే ఇంట్లోవారు దాన్ని సిగ్గుగానో మొహమాటంగానో తీసుకుంటారు; ఆరు నెలలకు మళ్లీ అదే మాట మొదలవుతుంది. ఎందుకు వద్దో, ఎప్పటిదాకా వద్దో కూడా చెబితే ఆ మాటకు విలువ వస్తుంది. ఉద్యోగం ఖాయం కాకపోతే "ప్రొబేషన్ పూర్తయ్యేదాకా ఫోటోలు ఎవరికీ పంపవద్దు" అనవచ్చు. మనసులో వేరొకరు ఉంటే మాత్రం మొదటి బయోడేటా గడప దాటకముందే ఆ సంగతి చెప్పాలి. చట్టం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలని మాత్రమే అంటుంది. పాతికేళ్లు దాటితే సంబంధాలు రావన్నది చుట్టాలు పెట్టిన గడువు.

బయోడేటాలో జీతం కాస్త పెంచి రాస్తే తప్పా? అందరూ అలాగే రాస్తారు కదా?

అందరూ రాయరు, రాసేవారు రాస్తారు. మన ప్రాంతపు బయోడేటాలో ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, చదువు, మేనమామల ఇంటిపేరు వరుసగా వచ్చాక, చివర "ఆస్తి" అన్న మాట పక్కన అసలు కథ మొదలవుతుంది. కంపెనీ ప్యాకేజీలో యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తాయో రావో తెలియని బోనస్ కూడా కలిసి ఉంటాయి కనుక, నెలనెలా చేతికి వచ్చే మొత్తాన్ని రాయడమే మర్యాద. పొలం తాతగారి పేరున ఉండి పంపకాలు కాకపోతే ఆ మాట కూడా రాయాలి. "వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు" అని సామెత చెప్పే పెద్దలు, ఆ వంద అబద్ధాలతో కాపురం చేయవలసింది తాము కాదన్న సంగతి మరిచిపోతారు. ముఖ్యమైన విషయాన్ని దాచి, మోసంతో సమ్మతి పొందితే ఆ పెళ్లిని రద్దు చేయమని కోరే హక్కు 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షన్ కింద ఉంది. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లాలి.

పెళ్లిళ్ల పేరయ్య, మ్యారేజ్ బ్యూరో, వెబ్‌సైట్: వీటిలో దేన్ని నమ్మాలి?

వివరాలు తెచ్చిపెట్టేవరకు మూడింటినీ వాడుకోవచ్చు. ఆ వివరాలు నిజమని తేల్చే పని మాత్రం మీదే. సంబంధం కుదిరితేనే మధ్యవర్తికి డబ్బు వస్తుంది కనుక కుదరకుండా చేసే మాట అతని నోట రాదు. వెబ్‌సైట్‌లో పరిచయమైన వ్యక్తి విదేశం నుంచి బహుమతి పంపానని, అది కస్టమ్స్‌లో ఆగిందని, విడిపించడానికి డబ్బు కట్టమని అడిగితే అది మోసమే. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

వాకబు ఎవరి దగ్గర చేయాలి? ఎవరిని అడిగినా "బంగారంలాంటి కుటుంబం" అంటున్నారు.

"మంచివాళ్లేనా?" అని అడిగితే ఎవరైనా మంచివాళ్లేనంటారు, ఒక పెళ్లి చెడగొట్టిన పాపం తమకెందుకని. అందుకే మా బాబాయి ప్రశ్న మార్చి అడిగేవారు: "మీ అమ్మాయే పెళ్లీడుకు వచ్చి ఉంటే ఆ ఇంటికి ఇస్తారా?" ఈ ప్రశ్నకు వెంటనే అవునన్నారా, కాస్త ఆగి అన్నారా అన్నదే ఆయన గమనించేవారు. ఒకసారి అరండల్‌పేటలో ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఇదే అడిగితే, ఆ మనిషి పెట్టెలో బొగ్గులు ఎగదోస్తూ చాలాసేపు మాట్లాడకుండా, చివరికి "అబ్బాయి మంచోడేనండీ" అని "అబ్బాయి" దగ్గర ఒత్తి పలికాడు. మా బాబాయి ఇంకేమీ అడగకుండా వచ్చేశారు.

బంధువుల కంటే పాలు పోసేవారు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్, పాత అద్దె ఇంటి యజమాని ఎక్కువ తెలిసినవారు. భూముల సంగతికి మనుషులను అడగనవసరం లేదు: మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ (పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డులు) చూడవచ్చు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ ఆస్తి మీద రిజిస్టరైన తాకట్టు ఉందో లేదో తెలుస్తుంది. కోర్టు కేసులను ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకవచ్చు గాని, అక్కడ కనిపించనంత మాత్రాన కేసు లేదని అనుకోకూడదు.

అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయి మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. ఏమేం చూడాలి?

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వీధికి నాలుగు ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి వాకబు కష్టమేమీ కాదు. వీసా సంగతి మాత్రం కాగితం మీదే చూడాలి. ఉద్యోగం మీద ఇచ్చే హెచ్1బీ వీసా ఒక్కోసారి మూడేళ్ల వరకు ఇస్తారు, మామూలుగా మొత్తం ఆరేళ్లు. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (ఉద్యోగి తరఫున సాధారణంగా కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందినవారికి ఆ తర్వాత కూడా పొడిగింపు దొరుకుతుంది. భార్యకు వచ్చే హెచ్4 మీద ఉద్యోగం చేయాలంటే 2015లో వచ్చిన నిబంధన ప్రకారం సాధారణంగా భర్తకు ఆ ఐ-140 ఆమోదం ఉండాలి. చదువుకునే అబ్బాయి ఎఫ్1 మీద ఉంటే, ఎఫ్2 మీద వెళ్లిన భార్య ఉద్యోగం చేయడానికి వీలులేదు. ఇక్కడ మంచి ఉద్యోగం వదులుకుని వెళ్లిన అమ్మాయిలకు ఈ తేడా అక్కడ దిగాక గాని తెలియలేదంటే తప్పు వారిది కాదు, అడగడానికి మొహమాటపడిన పెద్దలది.

అందుచేత వీసా ఆమోద పత్రం, ఇటీవలి జీతం రసీదులు చూపించమని అడగండి. అమ్మాయి సర్టిఫికెట్లు అవతలివారు అడిగితే మీరూ అలాగే చూపించండి. అతనికి అక్కడ ఇంతకుముందు పెళ్లి జరిగిందేమోనన్న అనుమానం ఉంటే, ఆ రికార్డులు సాధారణంగా ఆ పెళ్లికి లైసెన్సు ఇచ్చిన కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయంలో ఉంటాయి. మూడు వారాల్లో పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి అన్నీ ముగించాలనేవారితో వీడియో కాల్ మాటలు రెండు మూడు నెలల ముందే మొదలవ్వాలి. పెళ్లి ఇక్కడే రిజిస్టరు చేయించుకుని విమానం ఎక్కాలి.

## జాతకాలు, రక్తసంబంధాలు, కులం

కుజదోషం ఉందన్నారు. మంచి సంబంధం వదులుకోవాలా?

నమ్మకం మీది, లెక్క మాత్రం చూడండి. కుజుడు 2, 4, 7, 8, 12 స్థానాల్లో ఎక్కడున్నా దోషమంటారు. పన్నెండు స్థానాల్లో అయిదంటే, లగ్నం నుంచి మాత్రమే చూసినా నూటికి నలభై మందికి పైగా ఆ దోషం ఉంటుంది. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే శాస్త్రం చెప్పేవారే దానికి బోలెడు పరిహారాలూ మినహాయింపులూ చెబుతారు. గుణమేళనంలో 36కు 18 వస్తే చాలంటారు. 17 వచ్చిందని మానుకున్నవారినీ, 30 వచ్చి కోర్టు మెట్లెక్కినవారినీ నేను చూశాను. జాతకం చూపించాలనుకుంటే మనుషులు నచ్చకముందే చూపించండి. ఇద్దరూ మాట్లాడుకుని ఇష్టపడ్డాక జాతకం పేరు చెప్పి వెనక్కి వెళ్లడం చాలాసార్లు వేరే కారణానికి వేసిన ముసుగు. మూల నక్షత్రం అమ్మాయి వస్తే మామగారికి గండమన్న మాట విని ఎన్ని మంచి సంబంధాలు తప్పిపోయాయో లెక్కలేదు.

మేనమామ కొడుకుతో అనుకుంటున్నారు. పిల్లలకు ఇబ్బంది ఉంటుందా?

మేనరికం ఆచారంగా ఉన్నచోట చట్టం దాన్ని అంగీకరిస్తుంది. వైద్యపరంగా చూస్తే మేనత్త, మేనమామ పిల్లలు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామకే ఇస్తే నాలుగో వంతు. పుట్టే పిల్లల్లో లోపాల అవకాశం మామూలు దంపతులకు నూటికి రెండు మూడు ఉంటే, మేనరికంలో దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అయినా ఒకే కుటుంబంలో తరతరాలుగా మేనరికాలు జరుగుతూ వచ్చినా, ఇంట్లో చెవిటితనం, తలసేమియా వంటివి ఉన్నా జన్యు వైద్యుల సలహా తీసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. తలసేమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) వాహకులు, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఉన్నవారు, ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకులా కాదా అన్నది రక్తపరీక్షతో తెలుస్తుంది.

ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు. చేసుకోకూడదంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. పట్టించుకోవలసింది ఆర్‌హెచ్ సంగతి, అంటే గ్రూపు పక్కన రాసే పాజిటివ్, నెగటివ్: అమ్మాయి నెగటివ్, అబ్బాయి పాజిటివ్ అయితే గర్భం దాల్చాక సుమారు 28వ వారంలోనూ, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తర్వాత 72 గంటల్లోపూ యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ఇది డాక్టరుకు ముందే చెప్పవలసిన విషయమే గాని సంబంధం మానుకోవలసిన విషయం కాదు.

మా కులాలు వేరు. పెద్దలు ఒప్పుకోకపోతే పెళ్లి చెల్లుతుందా?

చెల్లుతుంది. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా హిందూ వివాహ చట్టం కిందే చేసుకోవచ్చు. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అప్పటికి కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి, పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. మేజర్లయిన ఇద్దరి ఇష్టానికి కుటుంబం గాని కులపెద్దలు గాని అడ్డుపడే హక్కు లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో చెప్పింది.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన పోకడ అనుకునే పెద్దలకు ఒక సంగతి గుర్తు చేయవచ్చు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి గారు పురోహితుడి సంస్కృత మంత్రాలు లేకుండా తెలుగులోనే పెళ్లి తంతు రూపొందించారు; గోరా గారు స్థాపించిన నాస్తిక కేంద్రం 1947 నుంచి మన పటమటలోనే ఉండి కులాంతర వివాహాలను ప్రోత్సహిస్తూ వచ్చింది. అయితే చరిత్ర చెప్పి అమ్మానాన్నలను ఒప్పించలేం. వారి భయం సాధారణంగా "రేపు చెల్లెలి పెళ్లి ఎలా?" అన్నచోట ఉంటుంది, ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటే మిగతా వాదన సగం తగ్గుతుంది.

## పెళ్లిచూపులు

"డాబా మీదకు వెళ్లి మాట్లాడుకోండి" అంటారు. పదిహేను నిమిషాల్లో ఏం అడగాలి?

కింద హాల్లో కాజాలు, మిక్చరు, కాఫీ సాగుతూ ఉంటాయి. పైన ఆరేసిన బట్టల మధ్య ఇద్దరు కొత్త మనుషులు. మెట్ల మలుపు దగ్గర ఎవరో ఒక పిన్ని ఏదో పని ఉన్నట్టు నిలబడి ఉంటుంది. అక్కడ హాబీలు అడిగితే ఇద్దరూ "మ్యూజిక్ వినడం" అని చెప్పి దిగివస్తారు.

మొదట అడగవలసింది ఒక్కటే: "ఈ సంబంధం మీ ఇష్టంతోనే వచ్చిందా?" కిందికి వెళ్లాక ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి అడగండి. తర్వాత అభిప్రాయాలు కాకుండా జరిగిన సంగతులు అడగండి. "ఆడవాళ్ల ఉద్యోగం మీద మీ అభిప్రాయం ఏమిటి?" అంటే ప్రతి అబ్బాయీ గొప్ప జవాబే ఇస్తాడు; "మీ ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, వంట ఎవరు చేస్తారు?" అంటే నిజం వస్తుంది. అప్పులు, వాయిదాలు ఎంత, నెలనెలా ఇంటికి పంపుతున్నారా, తల్లిదండ్రులు మనతో ఉంటారా, తాగుడు, సిగరెట్టు సంగతేమిటి, పిల్లలు ఎప్పుడనుకుంటున్నారు: ఇవన్నీ మొదటిరోజే తేలకపోవచ్చు గాని, అడిగినందుకు ఎదుటివారు నొచ్చుకున్నారా లేదా అన్నది తెలుస్తుంది. మీ గురించి అడగకముందే చెప్పవలసింది ఏదైనా ఉంటే, మందులు వాడుతున్నారనో, పాత నిశ్చితార్థం రద్దయిందనో, అదీ అక్కడే చెప్పేయండి.

ఇంకోసారి కలవాలని అడిగితే తప్పుగా అనుకుంటారా?

ఇప్పుడు పెద్దగా ఎవరూ అనుకోవడం లేదు. ఇంద్రకీలాద్రి మీదో మంగళగిరి గుడిలోనో కలవడం ఇంట్లోవారికి సమ్మతంగా ఉంటుంది గాని, అక్కడ మాట్లాడుకునే వీలుండదు. కనకదుర్గమ్మ గుడికి శుక్రవారం, ఆదివారం అసలు వద్దు. బెంజి సర్కిల్ వైపో లక్ష్మీపురంలోనో ఒక కాఫీ హోటల్లో గంటసేపు కూర్చోవడం మేలు.

చూసి వెళ్లి నెలయింది. "చెబుతాం" అన్నారు. ఆగాలా?

ఆగవద్దు. వారం తర్వాత మీరే ఫోన్ చేసి అడగండి. జవాబు దాటవేస్తే మీ తరఫున వద్దని చెప్పి ముందుకు సాగండి. మీరు వద్దనవలసి వచ్చినప్పుడు రెండు మూడు రోజుల్లోనే, "మా అబ్బాయికి కుదరలేదండీ, ఏమీ అనుకోవద్దు" అని పెద్దవారి చేత చెప్పించండి. రంగు, బరువు, ఇల్లు చిన్నదన్న కారణాలు మధ్యవర్తికి కూడా చెప్పకూడదు. అవి ఎలాగూ ఆ అమ్మాయి చెవిన పడతాయి.

## తేల్చుకునేటప్పుడు

మనిషి మంచివాడే. ఏ వంకా లేదు. కానీ నాకు ఏమీ అనిపించలేదు. ఒప్పుకోవచ్చా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అందులోనూ రాత్రి పదింటి తర్వాత, గొంతు తగ్గించి. ఏమీ అనిపించకపోవడం, మనసు వెనక్కి లాగడం ఒకటి కావు. రెండో కలయిక ఉందంటే మీకు విసుగు వస్తోందా, అతని పక్కన కూర్చోవడమే ఇబ్బందిగా ఉందా, అతని మెసేజ్ వస్తే గుండె బరువెక్కుతోందా? అలా అయితే వంక దొరకలేదని ఒప్పుకోనవసరం లేదు; ఇష్టం లేకపోవడమే చాలినంత కారణం. అలా కాక, కేవలం కొత్తగా, చప్పగా ఉందంటే ఇంకో రెండు మూడుసార్లు కలవండి.

మా పిన్ని కూతురికి ఇలాగే జరిగింది. రెండోసారి కలవడానికి అబ్బాయి గుంటూరు నుంచి ముప్పావుగంట ఆలస్యంగా వచ్చాడు. కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్ అంటే ఎవరైనా నమ్ముతారు, అది అక్కడ రోజూ ఉండేదే. అతడు మాత్రం కూర్చుంటూనే "నేను బయల్దేరడమే ఆలస్యమైందండీ, నిద్రపోయాను" అన్నాడు. ఆమె ఇంటికి వచ్చి సరేనంది. ఎందుకని అడిగితే ఆ ట్రాఫిక్ మాట చెప్పింది. ఇప్పటికీ అతడు ఎక్కడికీ సమయానికి రాడని ఆమె విసుక్కుంటూనే ఉంటుంది.

ఇంకా మంచి సంబంధం వస్తుందేమో అనిపిస్తోంది. ఆగితే?

రావచ్చు. కానీ బీసెంట్ రోడ్డులో పదో చీర విప్పించేసరికి మొదటి చీర ఏ రంగో గుర్తుండదు. ఈ మనిషిలో లేనిదేమిటో ఒక వాక్యంలో చెప్పగలిగితే ఆగండి. చెప్పలేకపోతే మీరు వెతుకుతున్నది ఇంకో మనిషిని కాదు, ఇంకొంత గడువును.

కట్నం అడగలేదు, "మీ ఇష్టం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది" అన్నారు. దీని అర్థం ఏమిటి?

ఆ మాటకు అర్థం అన్నవారినే అడగాలి, ఇద్దరు పెద్దమనుషుల ముందు, తాంబూలాలకు ముందే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే: కనీసం అయిదేళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత తగ్గకుండా జరిమానా. అడగడమే విడిగా నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్ష. అడగకుండా ఆచారం ప్రకారం ఇచ్చే బహుమతులకు 1985 నాటి నియమాల ప్రకారం జాబితా రాసి సంతకాలు చేయాలి. పెళ్లినాడు ఈ జాబితా రాసిన ఇల్లు నేను ఒక్కటే చూశాను.

మన జిల్లాల్లో పసుపు కుంకుమల కింద పొలం రాయడం పాత అలవాటు. రాస్తే అమ్మాయి పేరునే, రిజిస్ట్రేషన్‌తో రాయండి. అబ్బాయి పేరునో ఇద్దరి పేరునో కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా అన్నది దయ కూడా కాదు: ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది, 2005 కేంద్ర సవరణతో అది దేశమంతటికీ వర్తించింది. "కట్నం ఇచ్చాం కనుక వాటా లేదు" అన్న లెక్క చట్టంలో లేదు. పెళ్లిచూపుల నాడు "మీ ఇష్టం" అని, తాంబూలాల నాడు కారు రంగు అడిగే ఇల్లు ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంటుంది.

విడాకులైన వ్యక్తి సంబంధం. ఏం చూడాలి?

కోర్టు డిక్రీ నకలు చూడాలి. "కేసు అయిపోయినట్టే" అన్న మాట చాలదు. డిక్రీ వచ్చాక అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది, అది ముగిశాకే పెళ్లి. పిల్లలుంటే వారితో ముందే పరిచయం కావాలి. విడిపోవడానికి కారణం అడగవచ్చు, అడగాలి. తప్పంతా ఎదుటివారిదేనని పూర్తిగా తోసేసేవారి మాట కాస్త జాగ్రత్తగా వినాలి. మొదటి పెళ్లి పోయినవారికి మళ్లీ పెళ్లి ఏమిటని ముక్కున వేలేసుకునేవారికి, వితంతు వివాహాల కోసం పాటుపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో శారదా నికేతనం పెట్టింది ఈ గుంటూరులోనేనని చెప్పవచ్చు.

## తాంబూలాలు పుచ్చుకున్నాక

మూఢం వస్తోంది, ఈలోపే చేసేయాలని తొందర పెడుతున్నారు. సరేననాలా?

గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కంటికి కనిపించని రోజులనే మూఢమంటారు. గురు మూఢం దాదాపు నెల ఉంటుంది, శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ఆ తర్వాత ముహూర్తాలు మళ్లీ ఉంటాయి. ఫంక్షన్ హాలు దొరకదన్నది నిజమైన ఇబ్బందే గాని, వాకబు సగంలో ఉండగా పెళ్లి చేయడానికి అది కారణం కాదు.

నిశ్చితార్థం అయ్యాక అనుమానం పట్టుకుంది. ఇప్పుడు వెనక్కి తగ్గవచ్చా?

తగ్గవచ్చు. నిశ్చితార్థం పెళ్లి కాదు. చేసుకుని తీరాలని ఏ కోర్టూ బలవంతం చేయదు. పెళ్లయ్యాక మాత్రం మామూలుగా మొదటి ఏడాదిలో విడాకుల పిటిషన్ వేయడానికి కూడా వీలుండదు. అయితే అనుమానం దేని మీదో ముందు తేల్చుకోండి. పెళ్లి దగ్గరపడుతుంటే వచ్చే బెదురు చాలామందికి ఉంటుంది, అది రోజుకో రకంగా మారుతుంది. రోజూ ఒకే సంగతి దగ్గరకు వచ్చి ఆగుతుంటే, అతడు అరిచిన ఒక ఫోన్ కాల్, ఆమె దాచిన ఒక అప్పు, అత్తగారు అడిగిన ఒక లెక్క, అది బెదురు కాదు. ఆ ఒక్క సంగతినే ఎదుట పెట్టి అడగండి.

మానుకోవాలని తేలితే హాలు అడ్వాన్సు, అచ్చయిన శుభలేఖలు గుర్తుచేసుకుని ఆగిపోకండి. ఇరువైపులా నమ్మే ఒక పెద్దమనిషి ఇంట్లో కూర్చుని ఉంగరాలు, చీరలు, నగదు ఎవరివి వారికి తిరిగి ఇచ్చి, జాబితా రాసి రెండు కుటుంబాలూ సంతకాలు చేయాలి. నిశ్చితార్థం ఫోటోలు, వీడియోలు రెండు వైపులవారూ ఆ రోజే ఫోన్లలోంచి, వాట్సాప్ స్టేటస్‌లోంచి, ఫోటోగ్రాఫరు దగ్గర నుంచి కూడా తీసివేయించాలి.